వద్దన్నవాడే వ్యూహం పన్నాడు: అమెరికాతో యుద్ధంపై యమమోటో సంకోచం

1940 సెప్టెంబర్‌లో జపాన్ ప్రధాని కొనోయే ఫుమిమరో ఒక సూటి ప్రశ్న వేశాడు. అమెరికాతో యుద్ధమే వస్తే నౌకాదళం నెగ్గుకురాగలదా? ఎదురుగా కూర్చున్నది సంయుక్త నౌకాదళ (జపాన్ యుద్ధనౌకల ప్రధాన దళం) ప్రధాన సేనాని యమమోటో ఇసోరోకు. కొనోయే తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం అతని జవాబు ఇది: ఏమైనా సరే పోరాడి తీరాలంటే మొదటి ఆర్నెల్లో, ఏడాదో చెలరేగి చూపిస్తాను, రెండేళ్లు, మూడేళ్లు సాగితే మాత్రం నాకు ఏ నమ్మకమూ లేదు. జర్మనీ, ఇటలీలతో ఒప్పందం ఎలాగూ అయిపోయింది, ఇక అమెరికాతో యుద్ధం రాకుండానైనా చూడండి అని కూడా అన్నాడు.

పదిహేను నెలలు తిరక్కుండానే అదే మనిషి పథకం ప్రకారం ఆరు విమానవాహక నౌకలు హవాయిలోని అమెరికన్ నౌకాదళ స్థావరం పెర్ల్ హార్బర్ మీద విరుచుకుపడ్డాయి.

యుద్ధం వద్దన్నవాడు యుద్ధాన్ని మొదలుపెట్టిన దాడికి ఎలా రూపకర్త అయ్యాడు? శాంతికాముకుడైన సేనాని పైవాళ్ల ఆజ్ఞకు తలవంచాడని కొందరంటారు. లోపల దూకుడు మనిషేననీ, సంకోచం కథ ఓటమి తర్వాత అతికించినదనీ ఇంకొందరంటారు. 1941 నాటి అతని ఉత్తరాలు చదివితే ఈ రెండూ నిలబడవు. సంకోచం నిజమైనదే. కానీ అది యుద్ధం తప్పన్న భావన నుంచి పుట్టింది కాదు, గెలవలేమన్న లెక్క నుంచి పుట్టింది. పైగా ఆ లెక్క ఎవరి చెవిన పడాలో వాళ్ల చెవిన, ఎంత స్పష్టంగా పడాలో అంత స్పష్టంగా ఎన్నడూ పడలేదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ చివరి సంగతేనని నా అభిప్రాయం.

లెక్క ఎక్కడ మొదలైంది

యమమోటో 1884లో నీగాటా ప్రాంతంలోని నగావోకాలో పుట్టాడు. 1905లో రష్యాతో జరిగిన సుషిమా సమరంలో నిష్షిన్ క్రూయిజర్ మీద ఉండగా ఎడమచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. 1919 నుంచి 1921 వరకు హార్వర్డ్‌లో చదివాడు, 1926 నుంచి 1928 వరకు వాషింగ్టన్ రాయబార కార్యాలయంలో నౌకాదళ ప్రతినిధిగా పనిచేశాడు. ఈ రెండు విడతల్లో అతను పట్టుబట్టి అధ్యయనం చేసిన విషయం చమురు. సొంత ఖర్చు మీద, చవకబారు వసతుల్లో దిగుతూ మెక్సికో చమురు బావుల దాకా వెళ్లివచ్చాడు. డెట్రాయిట్ మోటారు కర్మాగారాలు, టెక్సాస్ చమురు క్షేత్రాలు చూసినవాడెవడైనా జపాన్‌కు అమెరికాతో పోటీపడే సత్తా లేదని ఇట్టే గ్రహిస్తాడని తర్వాతి కాలంలో చెబుతుండేవాడు.

అంకెలు చూస్తే అందులో అతిశయోక్తి లేదని తెలుస్తుంది. 1941లో అమెరికా దాదాపు 140 కోట్ల బ్యారెళ్ల ముడి చమురు తీసింది, అంటే రోజుకు 38 లక్షల బ్యారెళ్లు. జపాన్ తన నేలలోంచి ఏడాది పొడవునా తీసింది 20 లక్షల బ్యారెళ్లకు అటూఇటూ. అమెరికాకు ఒక్క రోజు పని కూడా కాదది. ఉక్కులో అమెరికా ఉత్పత్తి జపాన్‌కు పది రెట్లకు పైనే. అదే ఏడాది అమెరికాలో 26,000కు పైగా విమానాలు తయారైతే జపాన్‌లో సుమారు 5,000 తయారయ్యాయి. జపాన్ కాల్చే చమురులో సుమారు 80 శాతం అమెరికా నుంచే కొనుక్కునేది. యుద్ధానికి దిగబోయేది ఆ చమురు అమ్మేవాడి మీదే.

ఇంత తెలిసినవాడు శాంతివాది కాలేదు. 1930లలో జపాన్ నౌకాదళానికి దూరగామి బాంబర్లను సమకూర్చిన ముఖ్యుల్లో అతనొకడు. ఆ విమానాలే 1937లో షాంఘై, నాంజింగ్ నగరాల మీద బాంబులు కురిపించాయి. అప్పుడు అతను నౌకాదళ ఉపమంత్రి. ఆ ఏడాది డిసెంబర్ 12న యాంగ్‌ట్సీ నదిలో పనాయ్ అనే అమెరికన్ గన్‌బోట్‌ను జపాన్ విమానాలు ముంచినప్పుడు, తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాలని పట్టుబట్టినవాడూ అతనే. చైనాతో ఒక తీరు, అమెరికాతో ఒక తీరు. తేడా నీతిలో లేదు, ఎదుటివాడి బలంలో ఉంది.

పదికి ఏడు, పదికి ఆరు

యమమోటో సంకోచం ఎందుకంత గొడవగా మారిందో తెలియాలంటే జపాన్ నౌకాదళం దేన్ని వేదంలా నమ్మేదో చూడాలి. రష్యాతో యుద్ధం తర్వాత జపాన్ నౌకా వ్యూహకర్తలు ఒక సూత్రం స్థిరపరిచారు. సముద్రం దాటి వచ్చి దాడి చేసేవాడికి కాపు కాసేవాడి కంటే కనీసం 50 శాతం ఎక్కువ బలం ఉండాలి. అమెరికా బలం 10 అనుకుంటే జపాన్ దగ్గర 7 ఉంటే అమెరికా ఆధిక్యం 43 శాతమే, అది చాలదు. జపాన్ దగ్గర 6 మాత్రమే ఉంటే అమెరికా ఆధిక్యం 67 శాతానికి చేరుతుంది, అది సరిపోతుంది. కాబట్టి 70 శాతం ఉంటే నిలబడతాం, 60 శాతమైతే పోతాం.

దీనికి తోడు ఇంకో లెక్క ఉండేది. ఒకే నాణ్యత గల రెండు నౌకాదళాలు ఎదురెదురుగా నిలబడి కాల్చుకుంటే బలం నౌకల సంఖ్యను బట్టి కాక ఆ సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుందని. పదిమీద ఏడు పోరాడితే 100లోంచి 49 పోయి 51 మిగులుతుంది, అంటే ఏడూ మునిగేసరికి అవతల ఇంకా ఏడు నౌకలు తేలుతుంటాయి. పదిమీద ఆరైతే అవతల ఎనిమిది మిగులుతాయి. కాగితం మీద తేడా ఒక్క నౌకే. కానీ 1922 వాషింగ్టన్ ఒప్పందం జపాన్ బాటిల్‌షిప్పులను (పెద్ద ఫిరంగుల భారీ యుద్ధనౌకలను) అమెరికా బలంలో 60 శాతానికి కట్టడి చేసినప్పుడు సగం నౌకాదళం దాన్ని ద్రోహంగా చూసింది.

తక్కువ బలంతోనే ముఖాముఖి దిగకుండా, దారిలో శత్రువును అరగదీయాలన్నది వాళ్ల పథకం. అమెరికా నౌకలు హవాయి నుంచి బయల్దేరగానే జలాంతర్గాములు వెంటాడి టార్పెడోలు వేస్తాయి. మార్షల్, కరోలిన్ దీవుల దగ్గరికి వచ్చేసరికి తీర స్థావరాల నుంచి బాంబర్లు లేస్తాయి. చివరి రాత్రి క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు 61 సెంటీమీటర్ల ఆక్సిజన్ టార్పెడోలతో చొచ్చుకుపోతాయి. తెల్లవారాక, అప్పటికే దెబ్బతిన్న శత్రువును జపాన్ బాటిల్‌షిప్పులు ఒక్క పోరులో ముగించేస్తాయి. 46 సెంటీమీటర్ల ఫిరంగులతో యమాటో, ముసాషి అనే బ్రహ్మాండమైన నౌకలు కట్టింది ఆ చివరి గంట కోసమే. వాటి మీద పోసే డబ్బు విమానాల మీద పెట్టమని యమమోటో వాదించాడు, నెగ్గలేకపోయాడు.

ఈ పథకంలో అసలు లొసుగు చివరి గంటలో లేదు, మొదటి రోజులోనే ఉంది. అమెరికా నౌకలు జపాన్ కోరుకున్న సమయానికి, కోరుకున్న దారిలో రావాలి. వాళ్లు రానే రాకపోతే? కర్మాగారాలు పూర్తిగా నడిచేదాకా ఆగి, రెండు మూడేళ్ల తర్వాత రెట్టింపు బలంతో వస్తే? 1940 జూలైలో అమెరికన్ కాంగ్రెస్ నౌకాదళాన్ని ఒక్కసారిగా 70 శాతం పెంచే చట్టం చేసింది. అందులో 18 విమానవాహక నౌకలున్నాయి. అది చూసి జపాన్ నౌకాదళం వేసుకున్న అంచనా: 1941 చివర 70 శాతం దాటి ఉండే తమ బలం 1942లో 65కు, 1943లో 50కి, 1944లో 30కి పడిపోతుంది.

పరిమితి ఒప్పందాలు నిజానికి ఎవరి కాళ్లు కట్టాయో ఈ అంకెలు చెబుతాయి. ఒప్పందం ఉన్నంతకాలం అమెరికా తన కర్మాగారాలకు తానే తాళం వేసుకుంది. యమమోటో వైఖరి ఇదే: పదికి ఆరు అవమానం కాదు, అవతలివాడిని పదిదగ్గర ఆపే కట్టడి. ఇలా ఆలోచించినవాళ్లను ఒప్పంద వర్గమన్నారు. 1933-34లో నౌకాదళ మంత్రి ఓసుమి మినెయో ఆ వర్గం అధికారులను ఒకరి తర్వాత ఒకరిని ఇంటికి పంపాడు. అలా పోయినవాళ్లలో యమమోటో ప్రాణస్నేహితుడు హోరి తెయికిచి ఒకడు. 1936లో జపాన్ ఒప్పందాల నుంచి బయటపడింది. వద్దని గట్టిగా చెప్పగల గొంతులు యుద్ధానికి ఏడెనిమిదేళ్ల ముందే తగ్గిపోయాయన్నమాట.

టోక్యోలో ముగ్గురు

మిగిలినవాళ్లలో ముగ్గురి పేర్లు కలిపి చెబుతారు: మంత్రి యోనై మిత్సుమాసా, ఉపమంత్రి యమమోటో, సైనిక వ్యవహారాల విభాగాధిపతి ఇనోయే షిగెయోషి. 1938, 1939లో ఆర్మీ జర్మనీతో సైనిక కూటమి కావాలని ఒత్తిడి తెస్తుంటే ఈ ముగ్గురూ అడ్డం నిలబడ్డారు. వాళ్ల వాదన ఒకటే. జర్మనీతో కూటమి కడితే బ్రిటన్, అమెరికాలతో శత్రుత్వం తప్పదు. అప్పుడు చమురు, తుక్కు ఇనుము ఎవడిస్తాడు?

యమమోటోకు హత్యా బెదిరింపులు మొదలయ్యాయి. అతన్ని దేశద్రోహిగా చిత్రిస్తూ కరపత్రాలు పంచారు, కార్యాలయానికి కాపలా పెట్టాల్సి వచ్చింది. 1939 ఆగస్టు 30న యోనై అతన్ని సంయుక్త నౌకాదళ ప్రధాన సేనానిగా వేసి సముద్రం మీదికి పంపేశాడు. టోక్యోలో ఉంటే చంపేస్తారన్నది ముఖ్య కారణం. ప్రాణం దక్కింది కానీ విధానం తేల్చే గది నుంచి అతను బయటికి వచ్చేశాడు. జపాన్ పద్ధతిలో యుద్ధమా, శాంతా అన్న మాట మంత్రిది, యుద్ధ ప్రణాళికలు వేసే జనరల్ స్టాఫ్ అధిపతిది. ప్రభుత్వమూ సైన్యాధిపతులూ కలిసి కూర్చునే అనుసంధాన సమావేశంలో సంయుక్త నౌకాదళ సేనానికి కుర్చీ లేదు. నౌకలన్నీ అతని చేతిలో ఉన్నాయి, నిర్ణయం లేదు.

ఒకే ఒక్కసారి పెద్దల ముందు ఈ ప్రశ్న లేవనెత్తే అవకాశం వచ్చింది. 1940 సెప్టెంబర్‌లో కొత్త మంత్రి ఓయికావా కోషిరో కూటమి ఒప్పందానికి ఆమోదం కోసం అధికారులను సమావేశపరిచాడు. యమమోటో లేచి, ఉపమంత్రిగా తాను ఉన్నప్పుడు సరుకుల్లో 80 శాతం బ్రిటన్, అమెరికాల ఏలుబడిలోని ప్రాంతాల నుంచి వచ్చేవి, ఇప్పుడు ఆ లోటు ఎలా పూడుస్తారని అడిగాడు. ఓయికావా జవాబివ్వలేదు. ఇదివరకే నిర్ణయమైపోయింది, సహకరించండి అన్నాడు. సెప్టెంబర్ 27న ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

కొనోయేతో మాట్లాడింది ఆ రోజుల్లోనే. ఆ జవాబును ఇనోయే తర్వాతి కాలంలో తప్పుపట్టాడు. సైనిక సంగతులు తెలియని ఒక రాజకీయ నాయకుడి ముందు ఆర్నెల్లో ఏడాదో చెలరేగుతానంటే, అతనికి వినిపించేది ఆ సగమే. ఒక ఏడాది గడిస్తే ఏదో ఒకటి జరగకపోతుందా అనుకుంటాడు. నౌకాదళం అమెరికాను ఓడించలేదని ఒక్క ముక్కలో తేల్చి చెప్పాల్సింది. ఇనోయేకు ఆ మాట అనే అర్హత ఉంది. 1941 జనవరిలో అతను మంత్రికి ఇచ్చిన నివేదికలో, జపాన్ అమెరికాను లొంగదీయడం అసాధ్యమనీ, అమెరికా మాత్రం దిగ్బంధించి జపాన్‌ను లొంగదీయగలదనీ కుండబద్దలు కొట్టి రాశాడు. బాటిల్‌షిప్పులు మాని విమానాలు, జలాంతర్గాములు, సరుకు ఓడల రక్షణ మీద దృష్టి పెట్టమన్నాడు. ఆ ఏడాది ఆగస్టుకల్లా అతన్ని దూరంగా నాలుగో నౌకాదళానికి బదిలీ చేశారు.

యమమోటో ఎందుకు అలా మెత్తగా చెప్పాడు? సేనాని నోట ఓడిపోతానన్న మాట రాకూడదన్న సైనిక సంస్కారం అతనిలో గట్టిగా ఉంది. మనకు చేతకాదని నౌకాదళం ఒప్పుకుంటే, మరి ఇన్నేళ్లు ఇంత ఉక్కు, ఇంత బడ్జెట్ అమెరికాను చూపించే కదా తీసుకున్నారని ఆర్మీ నిలదీస్తుంది. ఈ రెండో కారణం యమమోటో ఒక్కడిది కాదు, మొత్తం సంస్థది.

గంటకు 400 టన్నులు

1941 జూలై చివర్లో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలో దిగాయి. అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, ఆగస్టుకల్లా చమురు ఆగిపోయింది. యుద్ధం మొదలయ్యే నాటికి జపాన్ నిల్వలు సుమారు 4.3 కోట్ల బ్యారెళ్లు. నౌకాదళం లంగరు వేసుకుని కూర్చున్నా ఇవి తరిగిపోతాయి. జనరల్ స్టాఫ్ అధిపతి నగానో ఒసామి అక్టోబర్‌లో అనుసంధాన సమావేశంలో చెప్పాడు, నౌకాదళం గంటకు 400 టన్నుల చమురు కాలుస్తోందని. రోజుకు 9,600 టన్నులు.

ఇక్కడే లెక్క తలకిందులైంది. అప్పటిదాకా చమురు లేకపోవడం యుద్ధం వద్దనడానికి కారణం. ఆగస్టు నుంచి అదే, ఉన్నది అయిపోకముందే యుద్ధం చేసి డచ్చివాళ్ల ఏలుబడిలోని సుమత్రా, బోర్నియో చమురు పట్టుకోవాలనడానికి కారణమైంది. ఒకే అంకె రెండు వ్యతిరేక నిర్ణయాలకు ఆధారం కావడం ఈ మొత్తం వ్యవహారంలో జాగ్రత్తగా గమనించాల్సిన ముడి. యమమోటో చివరిదాకా మొదటి అర్థంలోనే చదివాడు. నగానో రెండో అర్థంలో చదివాడు. ఆ ఆగస్టులోనే ప్రభుత్వ సంపూర్ణ యుద్ధ పరిశోధన సంస్థలోని యువ అధికారులు యుద్ధ గమనాన్ని అంచనా కట్టి, చివరికి జపాన్ ఓడుతుందని కొనోయే మంత్రివర్గం ముందు పెట్టారు. అదీ కాగితంగానే మిగిలింది.

అక్టోబర్ 12న కొనోయే ఒగికుబోలోని తన నివాసానికి మంత్రులను పిలిచాడు. చైనా నుంచి సేనలు వెనక్కి రప్పించి అమెరికాతో రాజీపడదామా, యుద్ధానికి దిగుదామా అన్నది తేలాలి. యుద్ధమంత్రి తోజో హిదెకి వెనక్కి తగ్గనన్నాడు. నౌకాదళం తనకు గెలుపు మీద నమ్మకం లేదని ఆ రోజు అంటే తోజో కూడా ముందుకు పోవడం కష్టమయ్యేది, ఎందుకంటే పసిఫిక్‌లో పోరాడాల్సింది నౌకాదళమే. ఓయికావా అనలేదు. నిర్ణయం ప్రధానికే వదిలేస్తున్నామన్నాడు. నాలుగు రోజులకు కొనోయే రాజీనామా చేశాడు, తోజో ప్రధాని అయ్యాడు.

ఒగికుబో సమావేశానికి ఒక్క రోజు ముందు, అక్టోబర్ 11న, యమమోటో హోరికి ఉత్తరం రాశాడు. నా వ్యక్తిగత అభిప్రాయానికి పూర్తిగా విరుద్ధమైన నిర్ణయం తీసుకుని, ఆ దారిలోనే శక్తినంతా పెట్టి నడవాల్సి రావడం విచిత్రమైన స్థితి, ఇదే విధి కాబోలు అని అందులోని సారాంశం.

హవాయి పథకం

ఆ శక్తినంతా పెట్టిన చోటు పెర్ల్ హార్బర్. 1941 జనవరి 7న ఓయికావాకు రాసిన ఉత్తరంలోనే దాని రూపురేఖలున్నాయి. అందులో ఒక వాక్యం జపాన్ నౌకాదళం లోలోపల దాచుకున్న సంగతి బయటపెడుతుంది. ఇన్నేళ్లుగా మ్యాపుల మీద ఆడిన యుద్ధ క్రీడల్లో జపాన్ ఒక్కసారి కూడా స్పష్టంగా గెలవలేదు. ఇలాగే సాగితే క్రమంగా అరిగిపోతామని తేలేసరికి ఆట ఆపేస్తూ వచ్చారు.

కాబట్టి పాత పథకంతో ఓటమి ఖాయం. యుద్ధం తప్పదంటే, మొదటి రోజే అమెరికన్ నౌకాదళానికీ ప్రజలకూ మనోధైర్యం చెదిరేంత దెబ్బ కొట్టాలి. దక్షిణాన చమురు పట్టుకోవడానికి పట్టే ఆర్నెల్లు పక్క నుంచి దాడి రాకుండా చూడాలి. ఇది బలవంతుడు వేసే పథకం కాదు, నెమ్మదిగా ఓడటం కంటే చిన్న అవకాశం మీద పందెం కాయడం మేలనుకున్నవాడి పథకం. పేకాటలో, షోగి అనే జపాన్ చదరంగంలో అతని తెగువ నౌకాదళమంతటికీ తెలుసు. దాడి బృందానికి తానే నాయకత్వం వహిస్తాననీ, ప్రధాన సేనానిగా యోనైని వేయండనీ కూడా ఆ ఉత్తరంలో అడిగాడు.

పనిలోకి దిగాక చిక్కులు ఒకటొకటిగా వచ్చాయి. విమానం నుంచి వదిలిన టార్పెడో మామూలుగా 30 మీటర్ల దాకా మునిగి పైకి లేస్తుంది. పెర్ల్ హార్బర్ లోతు 12 మీటర్లు. అలాగే వదిలితే బురదలో కూరుకుపోతుంది. తోకకు చెక్క రెక్కలు బిగించి, పైలట్లు కగోషిమా అఖాతంలో సముద్రానికి తాకేంత తక్కువ ఎత్తులో ఎగరడం సాధన చేశాక అది లొంగింది. పక్కపక్కనే కట్టిన బాటిల్‌షిప్పుల్లో లోపలి వరసకు టార్పెడో తగలదు కాబట్టి, బాటిల్‌షిప్ ఫిరంగి గుండ్లనే మార్చి 800 కిలోల కవచభేదక బాంబులు చేశారు. ఓడలు తక్కువ తిరిగే ఉత్తర దారి ఎంచుకున్నారు, కానీ అక్కడ అలలు ఉద్ధృతం, నడిసముద్రంలో ఇంధనం నింపుకోవడం కష్టం. అకాగి, సోర్యు, హిర్యులకు వెళ్లిరావడానికి ఇంధనం చాలదు. ట్యాంకర్లు వెంట తీసుకెళ్లడమే కాక నౌకల నడవల్లో ఇంధన డ్రమ్ములు పేర్చారు.

వ్యతిరేకత సొంత ఇంట్లోనే ఎక్కువ. దాడికి వెళ్లాల్సిన నగుమో చుయిచికే ఇష్టం లేదు. జనరల్ స్టాఫ్ మొదటి నుంచీ కాదంటూ వచ్చింది. పథకానికి తొలి రూపం కట్టడంలో సాయపడ్డ ఒనిషి తకిజిరో చివర్లో అడ్డం తిరిగి, హవాయి మీద పడితే అమెరికన్లు రెచ్చిపోతారు, రాజీకి దారి మూసుకుపోతుందన్నాడు. మొత్తం చర్చలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఈ అభ్యంతరమే. అమెరికాలో ఏళ్లపాటు ఉండి వచ్చిన యమమోటో ఈ మాట అనాల్సింది, ఒనిషి అన్నాడు. అక్టోబర్‌లో యమమోటో తన అధికారి కురోషిమా కమేతోను టోక్యో పంపి, పథకం ఆమోదించకపోతే తానూ తన సిబ్బందీ రాజీనామా చేస్తామని చెప్పించాడు. నగానో ఒప్పుకున్నాడు. పథకం కోసం రాజీనామా అస్త్రం వాడినవాడు యుద్ధాన్ని ఆపడానికి దాన్ని ఎందుకు వాడలేదన్న ప్రశ్న ఇక్కడ తప్పించుకోలేనిది. తన పరిధి యుద్ధం ఎలా చేయాలన్నదే కానీ చేయాలా వద్దా అన్నది కాదని అతను నమ్మాడు. ఆ గీత దాటని క్రమశిక్షణే అతని సంకోచాన్ని నిష్ఫలం చేసింది.

ఇంకో లోటు ఉంది. గట్టి దెబ్బ కొట్టి వెంటనే రాజీ కుదుర్చుకోవాలంటే, రాజీ కుదిర్చేవాడు ముందే సిద్ధంగా ఉండాలి. 1904లో రష్యాతో యుద్ధం మొదలవుతుండగానే జపాన్ కనెకో కెంతారోను అమెరికా పంపింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌తో అతనికి పాత పరిచయం. ఏడాదిన్నర తర్వాత ఆ రూజ్‌వెల్ట్ మధ్యవర్తిత్వంతోనే పోర్ట్స్‌మత్ సంధి అయింది. 1941 నవంబర్ 15న ఆమోదించిన యుద్ధ ముగింపు పత్రంలో అలాంటిదేమీ లేదు. జర్మనీ బ్రిటన్‌ను ఓడిస్తుంది, అప్పుడు అమెరికాకు పోరాడాలన్న కోరిక పోతుంది, ఇంతే. యమమోటో ఆర్నెల్లు సంపాదించి పెట్టినా ఆ ఆర్నెల్లతో ఏం చేయాలో టోక్యోలో ఎవరి దగ్గరా లేదు.

అతను మాత్రం చివరి క్షణం వరకు తలుపు తెరిచే ఉంచాడు. నవంబర్ 13న ఇవాకునిలో సేనానులను సమావేశపరిచి, వాషింగ్టన్‌లో చర్చలు ఫలిస్తే విమానాలు గాల్లో ఉన్నా సరే వెనక్కి తిరగాలన్నాడు. అది కుదరదని కొందరు గొణిగారు. వెనక్కి రమ్మంటే రాలేనివాళ్లు ఇప్పుడే రాజీనామా ఇచ్చేయండి అన్నాడు. ఎవరూ ఇవ్వలేదు. నవంబర్ 26న కురిల్ దీవుల్లోని హితొకప్పు అఖాతం నుంచి నౌకలు కదిలాయి, డిసెంబర్ 2న దాడి ఖాయమన్న సంకేతం వెళ్లింది.

ఆర్నెల్లు, ఆ తర్వాత

డిసెంబర్ 7 ఉదయం రెండు విడతల్లో సుమారు 350 విమానాలు దాడి చేశాయి. 2,403 మంది అమెరికన్లు చనిపోయారు. రేవులో ఉన్న ఎనిమిది బాటిల్‌షిప్పులూ దెబ్బతిన్నాయి. జపాన్‌కు 29 విమానాలే పోయాయి. కానీ అమెరికన్ విమానవాహక నౌకలు ఆ రోజు రేవులో లేవు. 45 లక్షల బ్యారెళ్ల చమురు నిల్వలు, మరమ్మతు యార్డులు చెక్కుచెదరలేదు. మునిగినవాటిలో ఎక్కువ నౌకలను తేల్చి మళ్లీ వాడుకున్నారు. బాటిల్‌షిప్పుల్లో అరిజోనా, ఓక్లహోమా మాత్రం తిరిగి రాలేదు. ఇక జపాన్ దౌత్య పత్రం వాషింగ్టన్‌లో ఒంటిగంటకు అందాల్సింది రెండు దాటాక అందింది, అప్పటికి బాంబులు పడుతున్నాయి. చెదిరిపోవాల్సిన మనోధైర్యం కసిగా మారింది.

నిద్రపోతున్న రాక్షసుడిని లేపామని భయపడుతున్నాను అనే మాట యమమోటో పేర ఎక్కడ చూసినా కనబడుతుంది. అతను అలా రాసినట్టు, అన్నట్టు ఏ ఆధారమూ లేదు. 1970లో వచ్చిన ఒక సినిమాతో అది ప్రచారంలోకి వచ్చింది. అతను నిజంగా రాసింది 1942 జనవరి 9న పత్రికా సంపాదకుడు ఒగాతా తకెతోరాకు. నిద్రపోతున్న శత్రువును కొట్టామని సైనికుడు గొప్పలు చెప్పుకోకూడదు. కోపంతో రగులుతున్న శత్రువు త్వరలోనే ఎదురుదాడి చేస్తాడు, అది చూశాక అంచనా వేయండి అని.

ఇంతకంటే అన్యాయంగా వాడుకున్నది ఇంకో ఉత్తరం. 1941 జనవరిలో జాతీయవాద నాయకుడు ససకావా రియోయిచికి రాస్తూ, అమెరికాతో యుద్ధమంటే గ్వామ్, ఫిలిప్పీన్స్, చివరికి హవాయి, శాన్‌ఫ్రాన్సిస్కో పట్టుకున్నా చాలదు, వాషింగ్టన్ దాకా నడిచి వైట్‌హౌస్‌లో సంతకాలు పెట్టించాలి, అంతటి త్యాగానికి మన రాజకీయ నాయకులు సిద్ధమేనా అని అడిగాడు. యుద్ధం వద్దనడానికి రాసిన మాట అది. జపాన్ ప్రచార యంత్రాంగం చివరి వాక్యం కోసేసి విడుదల చేసింది. వైట్‌హౌస్‌లో కూర్చుని సంధి రాయిస్తానని బీరాలు పలికిన సేనానిగా అమెరికన్ పత్రికలు అతన్ని చూపించాయి.

చెలరేగడం మాత్రం అన్నమాట ప్రకారమే సాగింది. మలయా, సింగపూర్, ఫిలిప్పీన్స్, డచ్చి తూర్పు దీవులు, బర్మా. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద వైమానిక దాడి. ఆ మరునాడు ఓజావా జిసబురో దళంలోని ర్యూజో నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. తెలుగు తీరానికి యమమోటో యుద్ధం తగిలింది అప్పుడే, అతను చెప్పిన ఆర్నెల్లు సగం దాటాక. ఏప్రిల్ 18న అమెరికా విమానవాహక నౌక నుంచి లేచిన 16 బాంబర్లు టోక్యో, ఇంకొన్ని నగరాల మీదికి వచ్చాయి. రాజధాని మీద బాంబులు పడతాయన్న భయం అతని ఉత్తరాల్లో మొదటి నుంచీ ఉంది. హవాయికి వాయవ్యాన ఉన్న మిడ్‌వే దీవి మీద దాడికి జనరల్ స్టాఫ్‌ను మళ్లీ రాజీనామా బెదిరింపుతోనే అప్పటికే ఒప్పించాడు, ఈ దాడితో మిగిలిన నోళ్లూ మూతపడ్డాయి. జూన్ 4న మిడ్‌వే దగ్గర అకాగి, కాగా, సోర్యు, హిర్యు పోయాయి. పెర్ల్ హార్బర్‌కు సరిగ్గా ఆర్నెల్లు నిండటానికి అప్పటికింకా మూడు రోజులుంది.

ఆ తర్వాత ఆగస్టు నుంచి సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ చుట్టూ జరిగింది అతను భయపడిన అరుగుదలే. నౌక పోతే మరో నౌక వచ్చేది కాదు, ఆరితేరిన పైలట్ పోతే ఆ స్థాయివాడు రావడానికి ఏళ్లు పట్టేది. 1943 ఏప్రిల్‌లో విమానవాహక నౌకల పైలట్లను కూడా రబౌల్ తీర స్థావరాలకు తరలించి దాడులు చేయించాడు. సైనికులను పలకరించడానికి బూగన్‌విల్ వైపు బయల్దేరిన అతని ప్రయాణ వివరాలను అమెరికన్లు సంకేత సందేశం ఛేదించి తెలుసుకున్నారు. ఏప్రిల్ 18న గ్వాడల్‌కెనాల్ నుంచి వచ్చిన పి-38 యుద్ధవిమానాలు అతని విమానాన్ని కూల్చేశాయి.

1940 విస్తరణ మీద ఆధారపడ్డ ఎసెక్స్ తరగతి విమానవాహక నౌకలు ఆ రోజుకు అమెరికా చేతిలో మూడు ఉన్నాయి. మూడోది అందుకు మూడు రోజుల ముందే సేవలో చేరింది. 1945 ఆగస్టు నాటికి అవి 17 అయ్యాయి. యమమోటో పోయాక యుద్ధం ముగిసేలోపు జపాన్ పూర్తి చేయగలిగిన పెద్ద విమానవాహక నౌకలు ఐదు, అవన్నీ 1944లోనే, సరిపడా పైలట్లు గానీ ఇంధనం గానీ లేకుండా.